విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని కచేరీ టేపులు, మౌఖిక చరిత్ర ఇంటర్వ్యూలు: డిజిటల్ చేసి భద్రపరిచే పద్ధతి

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ధ్వని సేకరణ సాధారణంగా రెండు దారుల్లో పోగవుతుంది. సంగీత శాఖ వేదిక మీద జరిగిన కచేరీలు ఒక దారి: విద్యార్థుల పరీక్షా కచేరీలు, అధ్యాపకులవి, అతిథి కళాకారులవి. చరిత్ర, జానపద, సామాజిక శాస్త్ర శాఖల పరిశోధకులు మనుషుల ఎదుట కూర్చుని రికార్డు చేసిన ఇంటర్వ్యూలు మరో దారి. రెండూ ఒకే బీరువాలో, ఒకే రకం క్యాసెట్ల మీద ఉంటాయి. టేపు నుంచి ఫైలు తీసేదాకా రెండింటికీ పని ఒకటే. ఆ తర్వాత వివరాలు రాయడంలోనూ, ఎవరికి వినిపించవచ్చో తేల్చడంలోనూ రెండూ పూర్తిగా వేరు. ఈ తేడాను మొదటి రోజే గుర్తించకపోతే చివర్లో చాలా పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

అయస్కాంత టేపుల విషయంలో ఆస్ట్రేలియా జాతీయ ధ్వని, చలనచిత్ర భాండాగారం 2015లోనే 2025ను గడువుగా పెట్టి హెచ్చరించింది. 2019లో అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం (ఐఏఎస్ఏ) యునెస్కో అండతో అదే హెచ్చరికను ప్రపంచమంతటికీ చేసింది. గడువు దాటినంత మాత్రాన టేపులు మాయమైపోవు. వాటిని ఆడించే యంత్రాలు, ఆ యంత్రాల విడిభాగాలు, బాగుచేయగల చేతులు మాత్రం ఏటేటా తగ్గుతున్నాయి. అందుకే టేపు ఎంత బాగున్నా పనిని వాయిదా వేయకండి.

మొదట జాబితా, ఒక్క టేపు కూడా ఆడించకుండా

పెట్టె తెరవగానే ఏముందో వినాలనిపిస్తుంది. ఆగండి. పరీక్షించని టేపును శుభ్రం చేయని యంత్రంలో పెట్టడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. మొదటి విడతలో కళ్లకు కనిపించేదంతా రాసుకోండి: వాహకం (ధ్వని ఉన్న వస్తువు) రకం, సంస్థ పేరు, టేపు మోడల్, పెట్టె మీద ఉన్న రాత, టేపు మీద ఉన్న రాత, లోపల దొరికిన కాగితాలు. లేబుల్ మీద ఉన్నది అక్షరం మార్చకుండా, తప్పులతో సహా ఎక్కించండి. మీరు ఊహించినది వేరే గడిలో రాయండి. పెట్టె మీది రాతకూ టేపు మీది రాతకూ పొంతన లేకపోతే రెండూ రాయండి. ఎవరో విని, తిరిగి వేరే పెట్టెలో పెట్టిన టేపులు ప్రతి సేకరణలోనూ కొన్ని ఉంటాయి.

ప్రతి వస్తువుకూ అన్ని వైపులా ఫోటో తీయండి. రంగు వెలిసిన సిరా, కొట్టివేతలు, మూలన రాసిన చిన్న అంకెలు టైపు చేసిన జాబితాలో నిలవవు, ఫోటోలో నిలుస్తాయి. ప్రతి టేపుకూ ఒక వరుస సంఖ్య ఇవ్వండి. సంఖ్యలో తేదీ, పేరు, శాఖ వంటి అర్థాలు ఇరికించవద్దు. తేదీ తప్పని తర్వాత తేలితే సంఖ్య కూడా అబద్ధమైపోతుంది. సంఖ్యను పెట్టె మీద పెన్సిల్‌తో రాస్తే చాలు. కొత్త స్టిక్కర్లు అంటించాల్సి వస్తే క్యాసెట్ పైభాగాన కాకుండా పెట్టె మీద అంటించండి. ఊడిన స్టిక్కర్ డెక్‌లో (టేపు ఆడించే యంత్రంలో) ఇరుక్కుంటే టేపు బయటికి రాదు.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. అవి విరిచి ఉంటే దాని మీద మళ్లీ రికార్డు కాదు. విరిచి లేనివన్నీ ఇప్పుడే విరిచేయండి. డెక్‌లో పొరపాటున రికార్డు మీట నొక్కితే చెరిగిపోయే ప్రమాదం ఆ ఒక్క పనితో తప్పుతుంది.

కాగితాల వేట కూడా ఈ దశలోనే మొదలుపెట్టండి. కచేరీకైతే అచ్చు కార్యక్రమ పత్రం, ఇంటర్వ్యూకైతే సమ్మతి పత్రం, ప్రశ్నల జాబితా, పరిశోధకుల నోటుపుస్తకం. ఇవి తరచుగా టేపులతో కాకుండా శాఖ కార్యాలయంలోని ఫైళ్లలోనో, పదవీ విరమణ చేసిన అధ్యాపకుల ఇంటి అలమరాలోనో ఉంటాయి. ఆ మనుషులు మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే అడగాలి. యంత్రాల కన్నా ఇది అత్యవసరం.

టేపు స్థితి పరీక్ష

స్పూల్ టేపు (డబ్బా లేకుండా విడి చక్రానికి చుట్టినది) అయితే దాని ప్లాస్టిక్ పట్టీ అసిటేటా, పాలియెస్టరా అని ముందు తేల్చుకోండి. చుట్టను పక్కనుంచి వెలుతురుకు పట్టుకుంటే అసిటేట్ టేపు గుండా కాంతి కనిపిస్తుంది, పాలియెస్టర్ దాదాపు నల్లగా ఉంటుంది. అసిటేట్ తెగితే పుటుక్కున నీటుగా తెగుతుంది, అతికించవచ్చు. పాలియెస్టర్ సాగుతుంది, సాగిన చోట ధ్వని తిరిగి రాదు.

పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే అసిటేట్ కుళ్లుతోందని అర్థం. ఆ ఆమ్లం పక్క టేపుల పాడును కూడా వేగిరపరుస్తుంది కాబట్టి వాటిని వేరు చేయండి. ఎంత ముదిరిందో చూడటానికి పెట్టెలో పెట్టే ఆమ్ల సూచిక పట్టీలు దొరుకుతాయి. నీలం రంగు ఆకుపచ్చకు, ఆపై పసుపుకు మారితే ఆ టేపు వరుసలో ముందుకు రావాలి.

1970ల నడిమి నుంచి 1980ల దాకా తయారైన, వెనకవైపు నల్లటి పూత ఉన్న పాలియెస్టర్ స్పూళ్లలో మరో జబ్బు ఉంది. అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి జిగటగా మారుతుంది. ఆంపెక్స్ 406, 456 రకాలు ఇందుకు పేరుమోసినవి. లక్షణాలు స్పష్టంగా తెలుస్తాయి: టేపు నడుస్తూ కీచుమంటుంది, వేగం తగ్గుతుంది, హెడ్ (టేపు మీది ధ్వనిని చదివే భాగం) మీద గోధుమరంగు జిగురు పేరుకుంటుంది. అలా జరిగిన క్షణమే ఆపండి. ఇంకో రెండు నిమిషాలు చూద్దామనుకుంటే రాలిపోయేది పొడి కాదు, ధ్వనే. దీనికి తాత్కాలిక వైద్యం వేడి చేయడం: ఉష్ణోగ్రతను కచ్చితంగా నిలపగల ప్రయోగశాల ఓవెన్‌లో సుమారు 50 నుంచి 54 డిగ్రీల సెల్సియస్ వద్ద 8 గంటలు లేదా అంతకు మించి ఉంచి, అంతే సేపు చల్లారనివ్వాలి. ఆ తర్వాత కొన్ని వారాల్లోపు కంప్యూటర్‌లోకి ఎక్కించేయాలి, లేకపోతే జిగట తిరిగి వస్తుంది. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. అసిటేట్ టేపును ఎట్టి పరిస్థితిలోనూ వేడి చేయకూడదు, అది వంకర్లు పోయి నాశనమవుతుంది. ఏ రకమో నిర్ధారణ కాకపోతే నిపుణుల దగ్గరికి పంపడమే మేలు.

క్యాసెట్లకు ఈ జిగట జబ్బు అరుదు. వాటి సమస్యలు ఎక్కువగా యాంత్రికమైనవి. టేపును హెడ్‌కు ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోతే శబ్దం మందగించి, పైకీ కిందికీ ఊగుతుంది. కొసన ఉన్న పారదర్శక పట్టీ చక్రం నుంచి ఊడి వస్తుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, టేపును మంచి ఖాళీ క్యాసెట్ డొల్లలోకి మార్చండి. అతికించి మూసిన రకమైతే అంచును జాగ్రత్తగా చీల్చాలి. 90 నిమిషాల టేపు మందం సుమారు 12 మైక్రాన్లు, 120 నిమిషాల దానిది సుమారు 9 మాత్రమే. ఈ పలచటి రకం చిక్కుపడటంలో ముందుంటుంది. ఇంటర్వ్యూలు చేసేవారు మధ్యలో టేపు తిప్పే పని తగ్గుతుందని దీన్నే ఇష్టపడేవారు, కాబట్టి మీ సేకరణలో తప్పక ఎదురవుతుంది. దాన్ని వేగంగా ముందుకూ వెనక్కూ తిప్పవద్దు.

బూజు కనిపిస్తే టేపును మూసిన సంచిలో పెట్టి వేరే గదికి మార్చండి. చేతి తొడుగులు, ఎన్95 మాస్కు లేకుండా ముట్టవద్దు. బూజు పట్టిన టేపును నేరుగా ఆడిస్తే ఆ యంత్రం తర్వాతి ప్రతి టేపుకూ దాన్ని పంచుతుంది.

తెగిన చోట మామూలు సెల్లో టేపు వాడకండి. దాని జిగురు కారి పక్క పొరలకు అంటుకుంటుంది. పాత స్పూళ్లలో అలాంటి అతుకులు ఇప్పటికే ఉంటే తీసి, శుభ్రం చేసి, అసలైన స్ప్లైసింగ్ టేపుతో అతకండి.

ఏది ముందు, ఎంత కాలం

పాతదే ముందు అనుకోవడం సహజం, కానీ చాలాసార్లు తప్పు. 1960ల నాటి మంచి పాలియెస్టర్ స్పూల్ ఇంకా కొన్నేళ్లు ఆగగలదు. 1990ల నాటి డాట్ (చిన్న డిజిటల్ ధ్వని క్యాసెట్) టేపు, ఇంట్లో రాసిన సీడీ ఆగలేవు. అనలాగ్ టేపు కొంచెం కొంచెంగా చెడుతుంది, డిజిటల్ వాహకం దోష సవరణ హద్దు దాటగానే ఒక్కసారిగా పలకడం మానేస్తుంది. అందుకని వరుస ఇలా పెట్టుకోండి: వెనిగర్ వాసన వచ్చేవి, జిగట లక్షణాలున్నవి, డాట్, రాసిన సీడీలు, మినీడిస్క్‌లు ముందు. తర్వాత క్యాసెట్లు. ఆపైన మంచి స్థితిలోని స్పూళ్లు. సమాన ప్రమాదం ఉన్న రెండింట్లో ఎక్కడా మరో ప్రతి లేనిదానికి మొగ్గు ఇవ్వండి. ఈ లెక్కలో ఇంటర్వ్యూలు దాదాపు ఎప్పుడూ గెలుస్తాయి. పేరున్న కళాకారుల పాటలు వేరే చోట్ల కూడా దొరకవచ్చు, ఇంటర్వ్యూ మాత్రం ఒక్కటే.

కాలం అంచనాకు లేబుల్ మీద రాసిన నిడివిని నమ్మవద్దు. 1200 అడుగుల స్పూల్ సెకనుకు 19 సెం.మీ. వేగంతో 32 నిమిషాలు నడుస్తుంది. 9.5 సెం.మీ. వేగంతో 64 నిమిషాలు, అదీ ఒక వైపే. గంట ధ్వనికి సిద్ధం చేయడం, ఎక్కించడం, సరిచూడడం, నమోదు కలిపి కనీసం 3 గంటల మనిషి పని పడుతుంది. వెయ్యి సీ90 (90 నిమిషాల) క్యాసెట్లంటే 1500 గంటల ధ్వని, 4500 గంటల పని. రోజుకు 6 గంటలు నికరంగా పనిచేసే ఒక మనిషికి 750 పనిదినాలు. అధికారుల ముందు పెట్టే ప్రతిపాదనలో ఈ లెక్క ఉండాలి. యంత్రాలు కొని మనుషులను ఇవ్వకపోవడం వల్లే ఇలాంటి పనులు సగంలో ఆగుతాయి.

యంత్రం సిద్ధం చేయడం

ఈ భాగంలో తొందరపడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. టేపు నుంచి వచ్చే నాణ్యతలో అత్యధిక భాగం ప్లేబ్యాక్ దగ్గరే తేలిపోతుంది. ఎంత ఖరీదైన డిజిటల్ కన్వర్టర్ అయినా హెడ్ పట్టుకోని ధ్వనిని పుట్టించలేదు.

ప్రతి టేపుకూ ముందు హెడ్‌లను, టేపు దారిలోని లోహపు స్తంభాలను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని పుల్లతో తుడవండి. టేపును నడిపే రబ్బరు పించ్ రోలర్‌కు ఆల్కహాల్ వాడితే కొన్ని రకాల రబ్బరు ఎండి పగులుతుంది. దానికి రబ్బరు శుభ్రపరిచే ద్రవం వాడండి. హెడ్‌లకు అయస్కాంతత్వం తొలగించే పరికరాన్ని అప్పుడప్పుడు వాడాలి. దాన్ని డెక్‌కు మీటరు దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరకు తెచ్చి, అంతే మెల్లగా మీటరు దూరం తీసుకెళ్లాకే ఆపండి. హెడ్ దగ్గర ఉండగా ఆపితే ఉన్న అయస్కాంతత్వం కన్నా ఎక్కువ మిగులుతుంది. ఆ సమయంలో టేపులేవీ దగ్గర ఉండకూడదు, డెక్ కూడా ఆపి ఉండాలి.

తర్వాతిది ఆజిమత్, అంటే టేపు కదిలే దిశకు హెడ్ చీలిక ఎంత నిట్టనిలువుగా ఉందన్నది. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక కోణంలో, మీ డెక్ హెడ్ మరో కోణంలో ఉంటే పై స్థాయి శబ్దాలు మొద్దుబారతాయి. స, శ, చ వంటి అక్షరాలు మసకబారి, తాళాల మెరుపు పోతుంది. సవరించే తీరు ఇది: రెండు ఛానళ్లను కలిపి మోనోగా వింటూ, హెడ్ పక్కనున్న స్క్రూను చాలా కొద్దిగా అటూ ఇటూ తిప్పి, పై శబ్దం అన్నిటికన్నా స్పష్టంగా ఉన్న చోట ఆపండి. ప్రతి టేపుకూ, ఒక్కోసారి ఒకే టేపు రెండు వైపులకూ ఇది వేరుగా ఉంటుంది. చవక పోర్టబుల్ రికార్డర్లతో తీసిన ఇంటర్వ్యూలలో తేడా చాలా ఎక్కువ. మాట అర్థం కాని టేపులు కొన్ని ఈ ఒక్క సవరణతో స్పష్టమవుతాయి.

స్పూల్ టేపుల్లో ట్రాక్‌ల (టేపు పొడవునా సాగే ధ్వని చారల) అమరిక కూడా చూడాలి. టేపు వెడల్పు 6.35 మి.మీ., దాని మీద ఒక ట్రాక్ ఉండవచ్చు, రెండు ఉండవచ్చు, నాలుగు ఉండవచ్చు. సగం వెడల్పు మోనో టేపును నాలుగు ట్రాక్‌ల స్టీరియో డెక్‌లో పెడితే ఒక చెవిలో మాటలు సరిగ్గా, రెండో చెవిలో తిరగబడి వినిపిస్తాయి. టేపు పాడైందని కంగారుపడకండి, సరైన హెడ్ ఉన్న డెక్‌కు మార్చండి. తప్పు హెడ్‌తో ఎక్కిస్తే ట్రాక్‌లో కొంత భాగమే చదువుతారు, హిస్ (టేపు సహజంగా చేసే బుస శబ్దం) పెరుగుతుంది.

క్యాసెట్ మీద డాల్బీ (హిస్ తగ్గించే పద్ధతి) గుర్తు ఉంటే డీకోడ్ చేయాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. పెట్టె మీద ముద్రించిన గుర్తు ఆ వసతి ఉందని మాత్రమే చెబుతుంది, వాడారని కాదు. రికార్డు చేసినవారు చేత్తో టిక్కు పెట్టి ఉంటే, వినికిడీ దానికి సరిపోలితే, డెక్‌లోనే డీకోడ్ చేయండి. అయితే ముందు ఆజిమత్ సరిచేయండి, లేకపోతే డాల్బీ సర్క్యూట్ పొరబడి పై శబ్దాలను ఇంకా తగ్గిస్తుంది. అనుమానం ఉంటే డీకోడ్ చేయకుండా ఎక్కించి, ఆ సంగతి నమోదులో రాయండి. పోర్టబుల్ రికార్డర్ల ఇంటర్వ్యూలకు సాధారణంగా డాల్బీ ఉండదు.

వేగం విషయంలో కచేరీ టేపులు సాయపడతాయి. పియానో వంటి స్థిర శ్రుతి వాద్యం ఉంటే పోల్చి చూడవచ్చు. ఇంటర్వ్యూలలో కరెంటు హమ్ (విద్యుత్ సరఫరా వల్ల రికార్డింగ్‌లో పడే గుంయ్ శబ్దం) చూడండి. ఆ దేశపు సరఫరా 50 హెర్ట్జ్ అయి ఉండి, మీ స్పెక్ట్రమ్‌లో (పౌనఃపున్యాలు చూపే పటంలో) హమ్ 52 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా నడుస్తోంది. మాట్లాడేవారి గొంతు టేపు చివరికి వచ్చేసరికి క్రమంగా సన్నబడితే, రికార్డు చేసిన యంత్రం బ్యాటరీ నీరసిస్తూ వచ్చిందని అర్థం. టేపు నెమ్మదిగా నడిచినప్పుడు రికార్డైనది ఇప్పుడు మామూలు వేగంతో ఆడుతోంది కాబట్టే ఆ మార్పు.

ఆడించి ఎక్కించడం

చల్లని గదిలోంచి తెచ్చిన టేపును వెంటనే ఆడించకండి, ఒక రోజు పనిగదిలో ఉంచండి. స్పూల్ అయితే ముందు ఒకసారి చివరికంటా చుట్టి తిరిగి రండి. చుట్ట బిగువు సమానమవుతుంది, పక్క పొరల నుంచి ముద్రపడిన ముందస్తు ప్రతిధ్వని కూడా కొంత తగ్గుతుంది. జిగట టేపులు, అతుకులు ఊడేవి మాత్రం అలా తిప్పవద్దు.

ఐఏఎస్ఏ మార్గదర్శకాల ప్రకారం కనీస ప్రమాణం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ (సెకనుకు 48 వేల కొలతలు, ఒక్కోటి 24 బిట్లలో). సిఫారసు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాటలకు అంత అవసరమా అని అడుగుతారు. హల్లుల అంచులు, టేపు చిటపటలు చురుగ్గా నమోదైతేనే భవిష్యత్తులో శుభ్రపరిచే పరికరాలు వాటిని మాట నుంచి వేరు చేయగలవు. నిల్వ చోటు ఉంటే రెండు రకాలకూ 96 వాడండి. స్టీరియోలో గంటకు సుమారు 2.07 గిగాబైట్లు అవుతుంది. 48 కిలోహెర్ట్జ్ మోనో అయితే గంటకు అర గిగాబైటు. ఫైలు రకం బ్రాడ్‌కాస్ట్ వేవ్ (వివరాలు కూడా లోపల ఉంచుకునే వేవ్ ఫైలు). మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో అది 2 గంటల 4 నిమిషాలకే నిండుతుంది. సుదీర్ఘ కచేరీ మధ్యలో రికార్డింగ్ ఆగిపోవడానికి ఇదొక మామూలు కారణం. ఆ హద్దు లేని ఆర్‌ఎఫ్64 రకాన్ని ఎంచుకోండి, లేదా ప్రతి వైపునూ వేరే ఫైలుగా పెట్టండి.

శబ్ద స్థాయి నిర్ణయించేటప్పుడు సంగీతాన్ని చూసి పెట్టకండి, చప్పట్లను చూసి పెట్టండి. కచేరీల్లో అవే అన్నిటికన్నా గట్టివి. ఇంటర్వ్యూల్లో నవ్వు, దగ్గు, మైకు దగ్గర బల్ల మీద కొట్టిన చప్పుడు. అత్యధిక స్థాయి డిజిటల్ శిఖరానికి 6 నుంచి 10 డెసిబెల్స్ కింద ఉండేలా చూడండి. 24 బిట్లలో ఆ ఖాళీ వల్ల పోయేదేమీ లేదు, పైకప్పు తగిలి చదునైన తరంగం మాత్రం తిరిగి రాదు. కంప్యూటర్‌లోనూ డెక్‌లోనూ ఆటోమేటిక్ స్థాయి సవరణ ఆపేయండి.

భద్ర ప్రతిలో (శాశ్వతంగా దాచే ఫైలులో) హిస్ తగ్గించడం, స్థాయి పెంచడం, ఖాళీలు కత్తిరించడం ఏదీ చేయకూడదు. మొదటి శబ్దానికి ముందున్న టేపు హిస్ కూడా కొన్ని క్షణాలు ఉండాలి, తర్వాత శుభ్రం చేసేవారికి అదే నమూనా. మధ్యలో సుదీర్ఘ నిశ్శబ్దం వచ్చినా ఆపకండి. టేపు అయిపోయిందనుకున్న చోటి తర్వాత ఇంకో సంభాషణ దొరకడం కొత్తేమీ కాదు. కచేరీని మొత్తం వింటూ ఎక్కించండి. ఒకే రకం ఇంటర్వ్యూ క్యాసెట్లను ఒకేసారి మూడు నాలుగు డెక్‌లలో ఎక్కించవచ్చు, అయితే ప్రతిదాని మొదలు, నడుమ, చివర వినాలి, తరంగ రూపం అంతా చూడాలి. యంత్రం, ఆజిమత్ సవరణ, డాల్బీ స్థితి, వేగం, కన్వర్టర్, చేసినవారు, తేదీ, వినిపించిన దోషం నిమిషంతో సహా నమోదు చేయండి. వందేళ్ల తర్వాత వినేవారికి ఆ గరగర టేపుదా, మీ డెక్‌దా అన్నది ఈ ఒక్క కాగితమే చెబుతుంది.

డాట్ టేపును అనలాగ్ తీగతో ఎక్కించడం పెద్ద తప్పు. డిజిటల్ అవుట్‌పుట్ నుంచి, అది రికార్డైన 48, 44.1 లేదా 32 కిలోహెర్ట్జ్‌లోనే తీసుకోండి, పైకి మార్చకండి. దోషాల సంఖ్య చూపించే యంత్రమైతే దాన్నీ రాయండి. దోషాలు ఎక్కువైతే హెడ్ శుభ్రం చేసి, మరో యంత్రంలో ప్రయత్నించండి. ఒక యంత్రం చదవలేనిది ఇంకోటి చదవడం డాట్‌లో తరచుగా జరుగుతుంది. సీడీలను ప్లేయర్‌లో ఆడించి కాకుండా, చదివిన ప్రతి భాగాన్నీ మళ్లీ సరిచూసే ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌లోకి తీయండి. మినీడిస్క్‌లో ధ్వని ముందే కుదించి ఉంటుంది. దాని డిజిటల్ అవుట్‌పుట్‌ను 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసుకుని, మూలం కుదించినదని తప్పక రాయండి.

పేర్లు, చెక్‌సమ్, నిల్వ

ఫైలు పేరు పొట్టిగా, ఖాళీలు లేకుండా ఉండాలి. 03_0147_2 అంటే మూడో సేకరణ, 147వ టేపు, రెండో వైపు. అంతకు మించి వద్దు. బ్రాడ్‌కాస్ట్ వేవ్ శీర్షికలో వివరణకు 256 అక్షరాలే చోటుంది, అదీ ప్రాథమిక రోమన్ అక్షరాలకే. అక్కడ తెలుగు లిపి రాస్తే చెదిరిపోతుంది. అందులో గుర్తింపు సంఖ్య, సంస్థ పేరు మాత్రం పెట్టి, తెలుగు వివరాలన్నీ యూనికోడ్ క్యాటలాగ్‌లో ఉంచండి.

ఫైలు తయారైన గంటలోనే ఎండీ5 లేదా ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్లో ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) తీయండి. ఎక్కడికి నకలు చేసినా అక్కడ మళ్లీ తీసి పోల్చండి. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, అందులో ఒకటి వేరే ఊళ్లో. సర్వర్ డిస్క్, ఎల్‌టీఓ టేపు (కంప్యూటర్ డేటా దాచే టేపు) కలయిక చాలా గ్రంథాలయాలకు సరిపోతుంది. బీరువాలో పెట్టిన బయటి హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంటే దాన్ని భద్రపరచడం అనలేం. ఏటా ఒకసారి అన్ని చెక్‌సమ్‌లూ సరిచూసే పనిని ఒక పదవికి అప్పగించండి, మనిషికి కాదు. మనుషులు బదిలీ అవుతారు.

ఎక్కించాక అసలు టేపులు పారేయవద్దు. నిలువుగా నిలబెట్టి, సుమారు 18 నుంచి 20 డిగ్రీల వద్ద, 30 నుంచి 40 శాతం తేమలో, హెచ్చుతగ్గులు లేకుండా ఉంచండి.

కచేరీని వివరించడం

కార్యక్రమ పత్రం దొరికితే సగం పని అయినట్లే, కానీ దాన్ని విన్న ధ్వనితో పోల్చాలి. అచ్చయిన వరుస వేదిక మీద మారుతుంది. చివర్లో అడిగి పాడించుకున్నవి పత్రంలో ఉండవు. ఒక్కో అంశానికీ మొదలయ్యే సమయం, కూర్పరి, సాహిత్యకర్త, కళాకారులు, వాద్యం రాయండి. టేపు మార్చేటప్పుడు పోయిన భాగం ఎక్కడో చెప్పండి. ఒకే కచేరీ రెండు టేపుల్లో ఉంటే ఒకే రికార్డుగా కలపండి. పత్రాన్ని స్కాన్ చేసి దానికే జతచేయండి. వివరాల నమోదుకు వాడే డబ్లిన్ కోర్ ప్రమాణంలోని 15 అంశాలు ఆరంభానికి చాలు, కానీ ‘సృష్టికర్త’ అన్న ఒకే గడిలో కూర్పరిని, గాయకుణ్ణి కలిపేయకండి. ఆ కలగాపులగం హక్కుల దశలో బాధిస్తుంది.

ఇంటర్వ్యూను వివరించడం

ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎప్పుడు, ఏ భాషలో అన్నవి పునాది. అంతటితో ఆగితే మూడు గంటల ఇంటర్వ్యూను ఎవరూ తెరవరు. వినేవారికి కావలసింది సమయ సూచిక: ప్రతి 3 నుంచి 5 నిమిషాలకు ఒక శీర్షిక, రెండు వాక్యాల సారం, వచ్చిన ఊళ్లు, మనుషులు, వృత్తులు, సంఘటనలు. దీన్ని ధ్వనితో ముడిపెట్టడానికి కెంటకీ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు తయారుచేసిన ఓహెచ్‌ఎంఎస్ అనే ఉచిత పరికరం ఉంది. సూచిక మీద నొక్కితే ఆ నిమిషం దగ్గర ఇంటర్వ్యూ మొదలవుతుంది.

పూర్తి రాతప్రతికి గంట ధ్వనికి 6 నుంచి 8 గంటలు పడుతుందని లెక్కేసుకోండి. డబ్బు, మనుషులు తక్కువైతే అన్నిటికీ సమయ సూచిక చేసి, కొన్నిటికే రాతప్రతి చేయడం మంచిది. మాండలికాన్ని గ్రాంథికంలోకి సరిచేయవద్దు. ‘వచ్చిండు’ అన్నది ‘వచ్చాడు’గా మారితే మాట్లాడిన మనిషి మారిపోతారు. వినపడని చోట ఊహించి నింపకుండా నిమిషంతో సహా గుర్తు పెట్టండి. యంత్ర లిప్యంతరీకరణ చిత్తుప్రతిగా పనికొస్తుంది, కానీ అది పేర్లు చెడగొడుతుంది, నిశ్శబ్దం ఉన్న చోట లేని వాక్యాలు పుట్టిస్తుంది. ఆంక్షలున్న ఇంటర్వ్యూను బయటి సేవకు ఎక్కించనే కూడదు.

తొలినాళ్లలో కొన్ని చోట్ల రాతప్రతి తయారయ్యాక టేపును చెరిపి మళ్లీ వాడేవారు. ఆ ఆలోచన ఇంకా పూర్తిగా పోలేదు. ఆగిన ఊపిరి, ఎగతాళి, చెప్పక తప్పించుకున్న జవాబు గొంతులోనే ఉంటాయి. క్యాటలాగ్‌లో రాతప్రతి కాదు, ధ్వనే మూలమని రాయండి.

హక్కులు, సమ్మతి, వినిపించడం

కచేరీలో కనీసం మూడు పొరల హక్కులుంటాయి: కృతి లేదా సాహిత్యం మీద, ప్రదర్శన మీద, రికార్డింగ్ మీద. కృతి పాతదై కాపీరైటు తీరిపోయినంత మాత్రాన ప్రదర్శన స్వేచ్ఛగా మారదు. బెర్న్ ఒప్పందం ప్రకారం రచన మీద హక్కు కర్త మరణం తర్వాత కనీసం 50 ఏళ్లు, చాలా దేశాల్లో అంతకన్నా ఎక్కువ. ప్రదర్శకుల హక్కులు 1961 నాటి రోమ్ ఒప్పందంతో అంతర్జాతీయ రూపం పొందాయి. విద్యార్థి కచేరీలకూ ఇదే వర్తిస్తుంది. పరీక్ష కోసం పాడినవారు జాలంలో పెట్టమని ఒప్పుకున్నట్లు కాదు.

ఇంటర్వ్యూలలో చట్టం కన్నా ముందు నమ్మకం ఉంటుంది. పాత సమ్మతి పత్రంలో ‘గ్రంథాలయంలో పరిశోధనకు’ అని ఉంటే అది ఇంటర్నెట్‌కు అనుమతి కాదు. ఒక గదిలో కొద్దిమంది వింటారనుకుని చెప్పిన మాట ప్రపంచమంతా వినేలా పెట్టాలంటే మళ్లీ అడగాలి. చెప్పినవారు లేకపోతే కుటుంబాన్ని సంప్రదించండి, ప్రయత్నాల తేదీలు రాయండి. పత్రమే లేకపోతే గ్రంథాలయంలో వినడానికి మాత్రమే పరిమితం చేయండి. మూడో వ్యక్తి గురించి చెప్పిన ఆరోపణలు, జబ్బులు, పిల్లల పేర్లు వేరుగా గుర్తించండి. తీసివేతలు అవసరమైతే వినికిడి ప్రతిలోనే (జనానికి వినిపించే నకలులోనే) చేయండి, భద్ర ప్రతిని ముట్టవద్దు.

ప్రతి రికార్డుకూ మూడు స్థితుల్లో ఒకటి ఉండాలి: అందరికీ, గ్రంథాలయంలో మాత్రమే, ఫలానా తేదీ వరకు మూత. ఆ తేదీని సూచనల గడిలో వాక్యంగా కాకుండా యంత్రం చదివే తేదీ గడిలో పెట్టండి. వాక్యంగా రాసినవి సాఫ్ట్‌వేర్ మారినప్పుడు ఎవరికీ తెలియకుండా తెరుచుకుంటాయి.

వినికిడి ప్రతికి కచేరీలకు 192 కిలోబిట్ల ఎంపీ3 స్టీరియో, ఇంటర్వ్యూలకు 128 చాలు. ఇక్కడ స్థాయి పెంచవచ్చు, హమ్ తగ్గించవచ్చు, వేగం సరిచేయవచ్చు, చేసినట్లు చెప్పాలి. పేజీలో అభ్యంతరం తెలిపే చిరునామా స్పష్టంగా పెట్టండి. ఫిర్యాదు అందిన రోజే వినికిడి ప్రతిని తాత్కాలికంగా ఆపి, తర్వాత విచారించండి. అందుకు బాధ్యులు ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, నిర్ణయాన్ని క్యాటలాగ్‌లో ఎక్కడ రాయాలి అన్నవి మొదటి ఇంటర్వ్యూ జాలంలోకి ఎక్కకముందే కాగితం మీద తేల్చుకోండి.